బోర్డు వెనక రాత

కంప్యూటర్ క్లాసుకి వెళ్లే దారిలో మందుల షాపు వస్తుంది. అది కనపడగానే బోర్డుల మాస్టారు రోడ్డు దాటి అవతలి వైపుకి వెళ్లిపోతారు. షాపు దాటాక మళ్లీ ఇవతలికి వస్తారు. ఆ షాపు మీదున్న బోర్డు ఆయన స్వయంగా రాసిందే. అక్షరాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు, అయినా తలెత్తి చూడరు. ఎందుకలా అటూ ఇటూ తిరుగుతారని భార్య ఒకసారి అడిగితే, అవతల నీడ ఉంటుందన్నారు. సాయంత్రం పూట నీడేమిటని ఆవిడ అడగలేదు. ఆయన కోపం ముక్కు మీదే ఉంటుందని ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇక క్లాసు నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆయనకి ఏ షాపూ కనపడదు, అంత కోపంగా ఉంటారు.

ఒకప్పుడు ఆ చుట్టుపక్కల వీధుల్లో గుమ్మం మీద రాత కావాలంటే మాస్టారే దిక్కు. దర్జీ కొట్టు, సైకిళ్ల షాపు, పళ్ల డాక్టరు, పుస్తకాల అంగడి, అన్నీ ఆయన బ్రష్షు కింద నుంచి వచ్చినవే. రంగు కుదిరిందో లేదో చూసుకోవడానికి ఎడమచేతి బొటనవేలి గోరు మీద కాస్త పూసుకుని, వెలుతురులో తిప్పి తిప్పి చూసేవారు. ఆ గోరు ఏనాడూ గోరు రంగులో ఉండేది కాదు. చెవి మీద పెన్సిలు నిద్రలో కూడా తీయరని భార్య చుట్టాల దగ్గర వేళాకోళం చేసేది. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. పొద్దున చెబితే సాయంత్రానికి గోడ మీద ఉంటాయి, ఏడాది తిరగకుండానే వెలిసిపోతాయి, అయినా జనానికి అవే ముద్దు. మాస్టారు మొదట నవ్వారు, తర్వాత తిట్టారు, ఆఖరికి ఖాళీగా కూర్చున్నారు. చేతిలో మిగిలిన పనల్లా గేట్ల మీద 'కుక్క ఉంది జాగ్రత్త' అని రాయడం. రాస్తున్నంతసేపూ ఆ కుక్కలు కూడా తనని చూసి జాలిపడుతున్నాయని ఆయన అనుమానం.

అలాంటి రోజుల్లో చెల్లెలు కబురు చేసింది. ఆవిడ ఉద్యోగాలకి వెళ్లే తల్లుల పిల్లల్ని పగలంతా తన ఇంట్లో ఉంచుకుని చూసుకుంటుంది. ముందు గదిలో ఉయ్యాలలు, పక్క గదిలో బొమ్మలు, గోడల నిండా మాస్టారు వేసిన ఏనుగులు.

"అన్నయ్యా, వచ్చినవాళ్లందరూ వెబ్‌సైట్ ఉందా అని అడుగుతున్నారు. నా బోర్డు రాసింది నువ్వే కదా, ఇదీ నువ్వే చెయ్యి. నేర్చుకుంటానంటే ఆగుతా. నీవల్ల కాదంటే చెప్పు, బయటవాళ్లకి ఇచ్చేస్తా."

"బయటవాళ్లకా?" అన్నారు మాస్టారు. ఆ ఒక్క మాటే ఆయన్ని క్లాసుకి నడిపించింది. పైగా సైకిళ్ల షాపాయన కూడా చెవిన వేశాడు, చెల్లెలిది బాగా కుదిరితే మాదీ మీరే చెయ్యండి మాస్టారూ అని. దర్జీ కూడా అక్కడే నిలబడి తలాడించాడు. అంటే ఈ పేజీ నిలబడితే చేతికి మళ్లీ పని ఉంటుంది. నిలబడకపోతే బ్రష్షులు గుడ్డలో చుట్టి అటకెక్కించి, శేషజీవితం కుక్కల పేరు చెప్పుకుని బతకాల్సిందే.

నేర్పే చోటు ఆ దగ్గర్లో ఒక్కటే ఉంది. నేర్పేవాడు చుక్క. ఇక్కడే వచ్చింది అసలు చిక్కు.

చుక్క అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. మాస్టారి దగ్గర పనిలో చేరిన కొత్తలో ఎక్కడ నడిస్తే అక్కడ రంగు చుక్కలు పడేవి, వాటి వెంట పోతే మనిషి దొరికేవాడు. అందుకని ఆయనే పెట్టారు ఆ పేరు. చాలా ఏళ్లు బ్రష్షులు కడిగి, నిచ్చెన పట్టుకుని, చేయి వణకకుండా గీత గీయడం నేర్చుకున్నాక, ఒకరోజు ఉన్నట్టుండి మానేసి వెళ్లిపోయాడు. ఎందుకు మానేశాడని ఎవరైనా అడిగితే, "వాడి కళ్లు బాగులేవు" అనేవారు మాస్టారు. అంతకుమించి ఒక్క ముక్క రాలేది కాదు. ఇప్పుడు ఆ చుక్కకి ఇస్త్రీ చొక్కా ఉంది, కళ్లజోడు ఉంది, వరసగా కంప్యూటర్లు పెట్టిన గది ఉంది. ఆ గదిలో అందరూ అతన్ని సార్ అంటారు. మాస్టారు మొదటిరోజు లోపలికి అడుగుపెట్టి, అందరూ వింటుండగా, "ఒరేయ్ చుక్కా, నేనెక్కడ కూర్చోవాల్రా?" అన్నారు.

గది గొల్లుమంది. చుక్క మాత్రం నవ్వలేదు, చిరాకు పడలేదు. కిటికీ పక్క కుర్చీ తుడిచి, "ఇక్కడ కూర్చోండి గురువుగారూ, వెలుతురు బాగుంటుంది" అన్నాడు.

ఆ మర్యాదకే సగం ఒళ్లు మండింది ఆయనకి. మిగతా సగం పాఠం మండించింది. పేజీలో ఏ మాట పెట్టాలన్నా ముందొక గుర్తు తెరవాలి, వెనకొక గుర్తు మూయాలి. మూసే గుర్తులో ఒక్క చిన్న గీత మరిచిపోతే, శీర్షిక ఒక్కటే లావుగా ఉండాల్సింది పేజీ పేజీ అంతా ఉబ్బిపోతుంది. మాస్టారు రోజూ ఏదో ఒకటి మరిచిపోయేవారు. ముప్పై ఏళ్లుగా నిచ్చెన మీద నిలబడి, ఒంటిచేత్తో అరచేయంత సున్నా చుట్టిన మనిషి, రెండు వేళ్లతో కీబోర్డు మీద అక్షరం వెతుక్కుంటూ పళ్లు నూరుకునేవారు. పక్క కుర్చీలో కాలేజీ అమ్మాయి పది వేళ్లతో టకటకా కొట్టేసి గోళ్లు కొరుక్కుంటూ కూర్చునేది. ఆ శబ్దం వింటే ఆయన తల ప్రాణం తోకకొచ్చేది.

రంగుల పాఠం రోజున మాత్రం కాస్త హుషారుగా వెళ్లారు. ఇందులోనైనా తనని ఎవరూ ఏమీ అనలేరనుకున్నారు.

"నాకు ఇటుక రంగు కావాలి" అన్నారు.

"దానికో కోడ్ ఉంటుంది గురువుగారూ. అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు కొట్టాలి."

"రంగుకి నంబరేంట్రా? నంబరుండేది ఖైదీకి."

అయినా కొట్టారు. తెర మీద వచ్చిన రంగు పక్కన బొటనవేలి గోరు పెట్టి చూసుకున్నారు. ఎన్నిసార్లు మార్చినా ఒకసారి మరీ ఎర్రగా, ఒకసారి మరీ బురదగా వచ్చింది. తీరా కుదిరిందని లేవబోతుంటే, అదే పేజీని ఫోన్లో చూసిన కాలేజీ అమ్మాయి, "ఇందులో వేరేలా ఉందండీ" అంది. రంగు వేరుగా ఉంది, అక్షరాలు మూడు వరసలకి బదులు ఏడు వరసలయ్యాయి, ఏనుగు బొమ్మ తొండం తెర బయటికి పోయింది. బోర్డు ఒకసారి గోడకెక్కితే కదలదు, ఎండకీ వానకీ కదలదు. ఇదేమో మనిషిని బట్టి మొహం మారుస్తుంది. ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే, "నిలకడలేని వెధవ చదువు" అని గోడకి చెప్పారు. లోపలి నుంచి భార్య, "మానేస్తారా అయితే?" అంది. "ఎవడు మానేస్తానన్నాడు?" అని ఆవిడ మీద ఎగిరారు.

ఇంత కష్టపడే మనిషి నోరు తెరిచి, తప్పెక్కడుందో చెప్పరా అని అడిగితే పోయేది. అడగరు. చుక్క తనంతట తాను వచ్చి కుర్చీ వెనక నిలబడితే, మెడ తిప్పి ఒక చూపు చూస్తారు. చుక్క కిమ్మనకుండా పక్క కుర్చీకి జరిగిపోతాడు. ఆ చూపు అతనికి కొత్తది కాదు. మాస్టారి దగ్గర పనిలో కట్టుబాటు ఒక్కటే: గురువు రాసిన దాంట్లో పనివాడు తప్పు పట్టకూడదు. తప్పుంటే గురువే చూసుకుంటాడు. గురువు చూడలేదంటే అది తప్పే కాదు. బ్రష్షు కడగడం నేర్పకముందే ఆయన ఈ మాట నేర్పేవారు.

ఇన్ని తిప్పల మధ్య ఆయనకి వినీ వినగానే తలకెక్కిన పాఠం ఒకే ఒక్కటుంది.

"పేజీ రాసేటప్పుడు ఈ గుర్తుల మధ్య ఏం రాసినా, పేజీ చూసేవాళ్లకి కనపడదు" అన్నాడు చుక్క ఆ రోజు. "దీన్ని కామెంట్ అంటారు. మన తర్వాత ఆ పేజీ మీద పనిచేసే వాళ్లకి అర్థం కావడం కోసం రాస్తాం. ఇది ఎందుకు పెట్టాం, ఎలా పెట్టాం అని."

మాస్టారు కుర్చీలో ముందుకు జరిగారు. కంప్యూటర్ మొదటిసారి మనిషిలా మాట్లాడిందనిపించింది. ఎందుకంటే ఈ పని ఆయన జీవితమంతా చేశారు. ప్రతి బోర్డూ గోడకెక్కించే ముందు తిప్పి పెట్టి, చెవి మీది పెన్సిలు తీసి, వెనక రాసేవారు: ఎరుపులో నలుపు ఎంత కలిపింది, కింద ఏ పూత వేసింది, మేకులు ఎక్కడ కొట్టకూడదు. ఎప్పుడో ఎవరో బోర్డు దింపి మళ్లీ రంగు వెయ్యాల్సి వస్తే వాళ్లు తడుముకోకూడదని. ఆయనకి పని నేర్పినాయన అలాగే రాసేవాడు, ఆయనా అలాగే రాశారు, చుక్కకీ అదే నేర్పారు. ముందువైపు షాపువాడిది, వెనకవైపు తర్వాత వచ్చే పనివాడిది. ఆ వెనక రాత ఎవరి కంటా పడేది కాదు, గోడకి ఆనుకుని ఉండేది.

"అంటే బోర్డు వెనక రాతేనన్న మాట రా ఇది" అన్నారు.

చుక్క మొహం విప్పారింది. "అంతేనండీ గురువుగారూ, అదే."

క్లాసులో చేరాక ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నది ఆ ఒక్కసారే.

మొత్తానికి పేజీ తయారైంది. ఎలా తయారైందో అడగకూడదు. పైన చెల్లెలి కేంద్రం పేరు, తన చేత్తో కాగితం మీద రాసి ఫొటో తీసి పెట్టారు, ఎందుకంటే కంప్యూటర్లో ఉన్న అక్షరాలు ఒక్కటీ ఆయనకి నచ్చలేదు. కింద పిల్లల్ని తీసుకునే వేళలు, ఫోన్ నంబరు, గదుల ఫొటోలు. ఆ పేజీ ఇంటర్నెట్లో ఉండటానికి కాస్త చోటు అద్దెకి తీసుకోవాలని, ఆ చోటికి తాళంలా ఒక పాస్‌వర్డ్ పెట్టుకోవాలని చుక్క చెప్పాడు. ఎవరూ ఊహించలేనంత పొడుగ్గా పెట్టుకోమన్నాడు. మాస్టారు తాను వాడే రంగుల పేర్లూ బ్రష్షు సైజులూ కలిపి, బ్రహ్మదేవుడికి కూడా తట్టని పాస్‌వర్డ్ ఒకటి కట్టారు. అది కట్టినందుకు ఆ పూటంతా తనలో తానే మురిసిపోయారు.

పేజీని క్లాసులో చూపించిన రోజున, చుక్క దాని కోడ్ తన కంప్యూటర్లో తెరిచి పై నుంచి కింది దాకా చదివాడు. ఆఖర్న ఆగాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. ఏదో అనబోయి మాస్టారి మొహం చూశాడు. అక్కడ ఆ పాత చూపు సిద్ధంగా ఉంది.

"బాగుంది గురువుగారూ" అన్నాడు.

వాడికి కడుపుమంట అనుకున్నారు మాస్టారు. అనుకుని సంతోషించారు కూడా.

తర్వాతి వారం పాఠాలు భద్రత గురించి. దొంగలు ఎలా వస్తారు, తాళాలు ఎలా పడతాయి, ఏది ఎక్కడ పెట్టకూడదు. తన పేజీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఇదంతా తనకి కాదన్నట్టు మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. చుక్క పాఠం మధ్యలో ఆగి, ఎవరి వైపూ చూడకుండా, గోడకేసి చెప్పాడు: "పేజీలో ఎక్కడైనా సరే, ఎవరైనా పాస్‌వర్డ్ రాసి ఉంటే దయచేసి ఇవాళే తీసేయండి." మళ్లీ ఒకసారి చెప్పాడు. క్లాసు అయిపోయాక తలుపు దగ్గర నిలబడి మూడోసారి కూడా చెప్పాడు. మాస్టారు విన్నారు. ఎంత తెలివితక్కువ వాళ్లుంటే వాడికి ఇన్నిసార్లు చెప్పాల్సి వస్తోంది అనుకున్నారు. తానైతే పేజీలో రాయలేదు. పేజీ వెనక రాశారు.

కొన్నాళ్లు అంతా సవ్యంగానే ఉంది. పేజీ చూసి కొత్తగా ఇద్దరు తల్లులు వచ్చారని చెల్లెలు చెప్పింది. సైకిళ్ల షాపాయన, "మరి మా సంగతి?" అన్నాడు. మాస్టారు ఇంట్లో భార్యతో, కుక్కల బోర్డులు ఇక రాయనని ప్రకటించారు. "కుక్కలేమైపోవాలి మరి?" అంది ఆవిడ. ఆ మాటకి కోపం రాలేదంటే ఆయన ఎంత కులాసాగా ఉన్నారో ఊహించుకోవచ్చు.

అప్పుడొచ్చింది ఫోను. పొద్దున్నే, ఇంకా కాఫీ గ్లాసు చేతిలోనే ఉంది.

"అన్నయ్యా, నా పేజీ చూశావా?" చెల్లెలి గొంతులో కోపం, దాని కింద ఏడుపు. "జూదం ఆడమని పిలుస్తోంది. ఆడవాళ్ల బొమ్మలున్నాయి, ఛీ, నోటితో చెప్పలేను. పిల్లల్ని నా దగ్గర వదిలే తల్లులు చూసే పేజీ అది. ఒకావిడ ఇందాక గుమ్మంలో నిలబడి, మీరు ఇంకేం వ్యాపారాలు చేస్తున్నారండీ అని అడిగింది. నేనేం చెప్పను?"

మాస్టారు తెరిచి చూశారు. ఏనుగులు లేవు, వేళలు లేవు. తన చేత్తో రాసిన పేరు ఉండాల్సిన చోట మెరిసే అంకెలు తిరుగుతున్నాయి. లోపలికి పోయి సరిచేద్దామంటే, బ్రహ్మదేవుడికి తట్టని ఆ పాస్‌వర్డ్ ఇప్పుడు చెల్లదంటోంది. ఎవరో మార్చేశారు. అరికాలి మంట నెత్తికెక్కింది. గ్లాసు బల్ల మీద పెట్టిన జోరుకి కాఫీ ఒలికింది.

"సాయంత్రం పిల్లల కోసం అందరూ వస్తారు" అంది చెల్లెలు. "ఆలోపు బాగుచెయ్యి. లేకపోతే నన్నేం అనుకోకు అన్నయ్యా, బయటవాళ్లని పిలుస్తా."

ఆయన మనసులో అప్పటికే దొంగ దొరికాడు. ఇంకెవరు? వెనకవైపు రాత ఉంటుందని తెలిసినవాడు ఈ భూమ్మీద ఒక్కడే. ఆ రాత చదవడం తాను నేర్పినవాడు. ఆ రోజు ఆఖర్న ఆగి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చదివినవాడు. చొక్కా గుండీలు దారిలో పెట్టుకుంటూ నడిచారు. మందుల షాపు దగ్గర రోడ్డు దాటడం కూడా మరిచిపోయారు. సగం దాకా వచ్చాక గుర్తొచ్చి తల ఇంకా కిందికి దించుకున్నారు.

చుక్క అప్పుడే గది తాళం తీసి కుర్చీలు సర్దుతున్నాడు.

"తృప్తిగా ఉందా?" అన్నారు మాస్టారు గుమ్మంలోంచే.

"ఏమైంది గురువుగారూ?"

"నా నోటితో చెప్పించకు. ఎప్పుడో నీ కళ్లు బాగులేవని ఒకమాట అన్నానని మనసులో పెట్టుకుని ఇన్నేళ్లకి తీర్చుకున్నావు. నా మీద ఉంటే నా మీద తీర్చుకో. నా చెల్లెలేం చేసింది రా నిన్ను? నా దగ్గర పనిలో ఉన్నప్పుడు నీకు అన్నం పెట్టింది అది."

చుక్క మొహం పాలిపోయింది. ఒక కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పేజీ తెరిచాడు. మెరిసే అంకెలు చూసి కళ్లు మూసుకున్నాడు. తర్వాత లేచి కుర్చీ మాస్టారి వైపు జరిపాడు.

"కూర్చోండి. మీకు తోచిన పేజీ ఏదైనా తెరవండి. ఏ బ్యాంకుదైనా, బడిదైనా."

"నాకు ఆటలొద్దు."

"తెరవండి గురువుగారూ."

మాస్టారు ఏదో వార్తల పేజీ తెరిచారు. మౌస్ కుడివైపు బటన్ నొక్కమన్నాడు చుక్క. నొక్కితే ఒక చిన్న పట్టిక వచ్చింది. అందులో పేజీ మూలం చూపమనే మాట ఒకటుంది. దాన్ని నొక్కగానే ఆ పేజీ కోడ్ అంతా తెర నిండా పరుచుకుంది, ఎవరెవరో తమ తర్వాతి వాళ్ల కోసం రాసుకున్న కామెంట్లతో సహా. మాస్టారు ఇంకో పేజీ తెరిచి నొక్కారు. ఇంకోటి. అన్నీ అంతే. పక్క కుర్చీలో కాలేజీ అమ్మాయి రోజూ ఈ పని చేస్తుండగా చూశారు కూడా, అదేదో ఆట అనుకున్నారు.

"వెనకవైపు అంటూ లేదు గురువుగారూ దీనికి" అన్నాడు చుక్క. "గోడకి ఆనుకుని ఉండదు. వెనక కూడా వీధివైపే ఉంటుంది. పేజీ మీద కనపడదని చెప్పానే కానీ, ఎవరైనా తిప్పి చూడొచ్చని ఆ రోజే చెప్పాల్సింది. మీరు బోర్డు వెనక రాత అనగానే నాకు సంతోషమేసింది. అవునన్నాను. అది నా తప్పు."

క్లాసులో చూపించిన పేజీ నకలు తన దగ్గరే ఉందంటూ దాన్ని తెరిచి ఆఖరికి దింపాడు. అక్కడ మాస్టారి మాటలు ఉన్నాయి, మర్యాదగా, ఆయన బోర్డుల వెనక రాసే పద్ధతిలోనే. 'తర్వాత వచ్చే మిత్రుడికి నమస్కారం. ఈ పేజీకి మరమ్మతు చేయాలంటే తాళం ఇది. వాడుకుని మళ్లీ జాగ్రత్తగా మూయగలరు.' దాని కింద ఆ పొడుగాటి పాస్‌వర్డ్, ఒక్క అక్షరం కూడా తప్పు లేకుండా.

మాస్టారికి చెవులు వేడెక్కాయి. తన నమస్కారం తనకే వెక్కిరింపులా కనపడింది.

"ఎవడు చేశాడు?" అన్నారు చివరికి.

"ఎవరూ పనిగట్టుకుని చేసి ఉండరు. ఇలాంటివి ఎక్కడున్నాయా అని వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాములుంటాయి. వాటికి మీరెవరో తెలీదు, అక్క ఎవరో తెలీదు."

అది మరీ బాధించింది ఆయన్ని. శత్రువు ఒకడుంటే తిట్టుకోవడానికైనా బాగుండేది. పోనీ తానింత కష్టపడి రాసిన పేజీని చెడగొట్టినవాడు దాన్ని ఒక్కసారి చదివి ఉన్నా బాగుండేది.

"నువ్వు చూశావు కదా ఇది" అన్నారు. "చూసి, బాగుందన్నావు."

చుక్క కీబోర్డుని కాస్త పక్కకి జరిపాడు. నీళ్లు నములుతున్నాడనుకున్నారు మాస్టారు. నోరు విప్పాక మాత్రం మెల్లగానే అయినా సూటిగా అన్నాడు.

"గురువు రాసిన దాంట్లో తప్పు పట్టకూడదని మీరే నేర్పారు. ఒక్కసారి పట్టాను. ఏం జరిగిందో మీకూ గుర్తుంది. అందుకే పేరు పెట్టి చెప్పలేక, క్లాసులో అందరికీ చెబుతున్నట్టు చెప్పాను. మూడుసార్లు చెప్పాను. మీరేమో కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. పక్కకి పిలిచి చెప్పి ఉండాల్సింది. భయమేసింది. ఇంత వయసొచ్చాక కూడా మీరు అలా మెడ తిప్పితే నాకు భయమేస్తుంది."

మామూలుగా మాస్టారికి జవాబు నాలుక చివరే ఉంటుంది. ఇప్పుడు మాత్రం కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక ఉక్కిరిబిక్కిరయ్యారు. ఎటు తిప్పినా అది తన మీదికే వస్తోంది. గోడ మీద గడియారం నడుస్తోంది. సాయంత్రానికి తల్లులు వస్తారు.

"బాగవుతుందా?" అని అడిగారు.

"అవుతుంది. అద్దె చోటు ఇచ్చినవాళ్లతో మాట్లాడి ముందు తాళం మార్పిద్దాం. పేజీ నకలు ఉంది. నేను కూర్చుంటే కాసేపట్లో అయిపోతుంది." చుక్క ఆగాడు. "కానీ అది మీ బోర్డు."

మాస్టారు కుర్చీని కంప్యూటర్ ముందుకి లాక్కున్నారు. ఎంతసేపటికో, తెరకేసి చూస్తూనే, "ఇంకేం తప్పులున్నాయో చెప్పు" అన్నారు.

ఆ మాట వాళ్లిద్దరి మధ్య అంతకు ముందెప్పుడూ పుట్టలేదు. చుక్కకి నమ్మడానికి కాస్త టైము పట్టింది. ముందు అద్దె చోటు వాళ్లకి కబురు పెట్టి, తర్వాత నకలు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. పేరుని ఫొటోగా పెట్టడం వల్ల, తెర మీద రాత చదివి వినిపించే ఫోన్లు వాడే చూపులేని వాళ్లకి అక్కడ పేరున్నట్టే తెలియదన్నాడు. మాస్టారు ఊ అన్నారు. పేజీకి పెట్టిన పాస్‌వర్డే మెయిలుకీ పెట్టుకుని ఉంటే, ఇప్పుడు మెయిలు కూడా పోయి ఉండొచ్చన్నాడు. మాస్టారు గట్టిగా ఊ అన్నారు. గదుల ఫొటోల్లో ఒకదాంట్లో ఇద్దరు పిల్లల మొహాలు స్పష్టంగా ఉన్నాయి, తల్లుల్ని అడగకుండా అవి పెట్టకూడదన్నాడు. ఒక్కోటీ విన్నకొద్దీ మాస్టారి మొహం కందగడ్డ అవుతోంది, బొటనవేలి గోరు బల్ల అంచుని గీరుతోంది. మెడ మాత్రం తిప్పలేదు. చెప్పిన తప్పు చెప్పినట్టు, రెండు వేళ్లతో వెతుక్కుంటూ దిద్దారు. దిద్దినప్పుడల్లా ఏదో గొణిగారు, అది తిట్టే అయి ఉంటుంది.

"అయిపోయాయా?" అన్నారు ఆఖరికి.

"ఈ పేజీలోవి అయిపోయాయి."

"మరి?"

చుక్క కళ్లజోడు తీశాడు. "ఇంకొకటుంది గురువుగారూ. మందుల షాపు బోర్డు."

గది బయట ఎవరో సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది. మాస్టారు కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"రాత ఎడమవైపు వాలింది" అన్నారు. "షాపాయన ముందు నువ్వా మాట అనకముందే, నిచ్చెన దిగుతూనే చూశాను రా."

చుక్క, అద్దె చోటు వాళ్లు పంపిన కొత్త తాళం పేజీని తెర మీదికి తెచ్చి, కీబోర్డు మాస్టారి ముందుకి జరిపాడు.

"కొత్త పాస్‌వర్డ్ పెట్టండి" అన్నాడు. "నేను అటు తిరుగుతా."

అని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మాస్టారు ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ చాలాసేపు కొట్టారు. అయ్యాక, అలవాటుగా కుడిచెయ్యి చెవి మీది పెన్సిలు దాకా వెళ్లింది. అక్కడే ఆగి, పెన్సిలు ముట్టకుండా కిందికి దిగింది.

"ఇక తిరగరా" అన్నారు.